అమ్మాయిల రెజ్లింగ్ జట్టు: డాలస్ శివార్ల నుంచి ఒక సీజన్ డైరీ

మే

డాలస్ ఉత్తర శివార్లలో ఒక పబ్లిక్ హైస్కూలు. అబ్బాయిల రెజ్లింగ్ జట్టు ఎప్పటినుంచో ఉంది. అదే గదిలో ఒక మూలన నలుగురైదుగురు అమ్మాయిలు ప్రాక్టీస్ చేస్తున్నారు. నవంబర్‌కల్లా వాళ్లది విడి జట్టు కావాలన్నది మా పని. బూస్టర్ క్లబ్బులో, అంటే జట్టుకు డబ్బు, సాయం పోగుచేసే తల్లిదండ్రుల సంఘంలో ఉన్న కొందరు తెలుగువాళ్లం కోచ్‌ల నోట్సు కలుపుకుని ఈ డైరీ రాస్తున్నాం. మరో స్కూల్లో ఇదే పని మొదలుపెట్టేవాళ్లకు ఉపయోగపడాలని.

ఆట కొత్తదేం కాదు. అమ్మాయిల రెజ్లింగ్‌ను అధికారిక పోటీగా ముందు గుర్తించింది హవాయి, 1998లో. ఆ వెంటనే 1998-99 సీజన్లో టెక్సాస్ అందుకుంది. దేశవ్యాప్తంగా హైస్కూళ్లలో కుస్తీ పట్టే అమ్మాయిల సంఖ్య 2018-19లో 21,124. 2022-23కి 50,016, మరుసటి ఏడాదికి 64,257. ఇప్పుడు నలభైకి పైగా రాష్ట్రాల్లో విడిగా స్టేట్ పోటీ ఉంది. టెక్సాస్‌లో స్కూలు ఆటలను నడిపే యూఐఎల్ నిబంధనల ప్రకారం పోటీలో అమ్మాయిలు అమ్మాయిలతోనే తలపడతారు. అంటే మార్గం ఉంది, పోటీలున్నాయి. లేనిది మన స్కూల్లో జట్టు.

మొదటి అడ్డంకి కోచ్. యూఐఎల్ లెక్కలో కోచ్ అన్నవాళ్లు స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఫుల్‌టైమ్ ఉద్యోగి అయి ఉండాలి. తల్లిదండ్రుల్లో కుస్తీ తెలిసినవాళ్లున్నా మ్యాట్ మీదకు దిగి నేర్పడానికి లేదు. అందుకే అథ్లెటిక్ డైరెక్టర్‌ను మ్యాట్ల కంటే ముందు ఇంకో కోచ్ పోస్టుకు స్టైపెండ్, అంటే టీచరు జీతం మీద అదనంగా ఇచ్చే డబ్బు, అడిగాం. ఆ పోస్టులో స్కూల్లోనే పాఠాలు చెప్పే టీచరమ్మ ఉంటే అన్నిటికంటే మేలు. ఆవిడకు రెజ్లింగ్ రాకపోయినా ఫరవాలేదు, కోచ్‌లకు వేసవిలో పెట్టే శిక్షణ శిబిరాల్లో పునాది నేర్చుకోవచ్చు. పగలంతా కారిడార్లో పిల్లలకు కనబడే మనిషి కావాలి. మధ్యాహ్నం మూడింటికి బయటినుంచి వచ్చే ఎంత గొప్ప కోచైనా, తొమ్మిదో తరగతి పిల్లను ఆపి "ఒక్కరోజు వచ్చి చూడమ్మా" అనలేడు.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం డబ్బు ఎవరిదైనా, అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానమైన వసతులు చూపాల్సిన బాధ్యత స్కూలుదే. అబ్బాయిల బూస్టర్ క్లబ్ కొత్త వార్మప్ సూట్లు కొనిచ్చి అమ్మాయిలకు పాతవి మిగిలితే, "అది తల్లిదండ్రుల డబ్బండీ" అన్న జవాబు చెల్లదు. మాకు ఇది బలమైన ఆధారం. అలాగని మొదటి మీటింగ్‌లోనే చట్టం పేరెత్తితే ఎదుటివాళ్లు బిగుసుకుపోతారు. బడ్జెట్ కాగితంలో రెండు జట్లకూ పక్కపక్కనే రెండు కాలమ్స్ గీసి చూపిస్తే సరిపోయింది.

జూన్, జూలై

పిల్లల్ని పోగుచేయడం. కేఫెటీరియాలో పోస్టరు అంటిస్తే వచ్చేది సున్నా. పిల్లలు దొరికేవి వేరే చోట్లు. వాలీబాల్ సీజన్ అక్టోబర్ చివరికి దాదాపు అయిపోతుంది, రెజ్లింగ్ నవంబర్ మొదట్లో మొదలవుతుంది, కాబట్టి అన్నిటికంటే మంచి వనరు అదే. సాఫ్ట్‌బాల్ క్యాచర్లు వసంతం దాకా ఖాళీ, కిందికి కూర్చుని లేవడం వాళ్లకు అలవాటు. చీర్‌లీడింగ్ జట్టులో మిగతావాళ్లను ఎత్తి నిలబెట్టే పిల్లలకు నడుం బలం, కాళ్ల బలం సిద్ధంగా ఉంటాయి. బాస్కెట్‌బాల్ పిల్లల జోలికి పోకూడదు, సీజన్ అదే సమయం, ఆ కోచ్‌తో గొడవ తప్ప లాభం లేదు. పవర్‌లిఫ్టింగ్ సీజన్ కూడా కొంత కలుస్తుంది కానీ ఆ కోచ్‌తో మాట్లాడుకుంటే సర్దుకోవచ్చు.

ముఖ్యమైన సూత్రం: ఒక్కతిని కాదు, జంటను తేవాలి. "నీ బరువుకు దగ్గరగా ఉన్న ఫ్రెండును వెంటబెట్టుకు రా" అని అడగాలి. 105 పౌండ్ల పిల్ల ఒంటరిగా వస్తే ఆమెకు ప్రాక్టీస్‌లో జోడీ ఎవరు? 150 పౌండ్ల అమ్మాయో, అబ్బాయో. రెండు వారాలు కిందపడి లేచాక ఇక రాదు. జోడీల మధ్య బరువు తేడా పది శాతం దాటకుండా చూసుకోవాలి, మరీ తప్పకపోతే పదిహేను.

తెలుగు కుటుంబాల ఇళ్లలో వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒక కమ్యూనిటీ హాల్లో టీ పెట్టి అందరికీ ఒకేసారి జవాబులు చెప్పాం.

"చెవులు ముద్దలైపోతాయంట కదండీ?" చెవి రుద్దుకుని రక్తం చేరి, దాన్ని తీయించకుండా వదిలేస్తే గట్టిపడుతుంది. ఇక్కడి హైస్కూలు పోటీలో ఇయర్ గార్డ్ తప్పనిసరి. ప్రాక్టీస్‌లో కూడా పెట్టుకుంటే ఈ సమస్య చాలావరకు రాదు. వాచిన చెవిని అదే రోజు ట్రైనర్‌కు, అంటే స్కూల్లో ఆటగాళ్ల గాయాలు చూసే మనిషికి, చూపించాలి.

"ఆ బిగుతు బట్టలే వేసుకోవాలా?" అక్కర్లేదు. ఒకే ముక్క సింగ్లెట్ బదులు బిగుతు టీషర్టు, షార్ట్స్ ఉన్న రెండు ముక్కల యూనిఫాం నిబంధనల్లో ఉంది. మా పిల్లల్లో ఎక్కువమంది అదే అడిగారు. దాన్నే జట్టు యూనిఫాంగా పెట్టేశాం.

"ముక్కుపుడక?" తీయాల్సిందే. టేపు అంటించి ఆడతామంటే రిఫరీ ఒప్పుకోడు. కొత్తగా కుట్టించుకోవాలనుకుంటే సీజన్ అయిపోయాక మార్చిలో కుట్టించుకోవాలి, మళ్లీ నవంబర్‌కు గాయం పూర్తిగా మాని ఉంటుంది. అక్టోబర్‌లో పండక్కని కుట్టిస్తే రోజూ తీసి పెట్టలేరు, తీస్తే పూడుకుపోతుంది. చేతికున్న తాళ్లు, నల్లపూసల బ్రేస్‌లెట్లు, పట్టీలు అన్నీ ఇదే లెక్క. జడకు ఇనుప పిన్నులు, గట్టి క్లిప్పులు, పూసలు పనికిరావు. రెండు జడలు తలకు అంటుకునేలా అల్లి, చివర మెత్తటి రబ్బరు బ్యాండు వేస్తే ఇయర్ గార్డ్ పట్టీ సరిగా కూర్చుంటుంది. ఒకే జడను కొప్పుగా చుడితే ఇయర్ గార్డ్ వెనక పట్టీ పైకి జారుతుంది, వెల్లకిలా పడ్డప్పుడు కొప్పు మెడను ముందుకు నెడుతుంది.

"కాలేజీకి పనికొస్తుందా?" మహిళల రెజ్లింగ్‌ను కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ 2020లో కొత్తగా ఎదుగుతున్న ఆటల జాబితాలో చేర్చింది. 2025 జనవరిలో పూర్తి ఛాంపియన్‌షిప్‌గా ఓటు వేసింది. మొదటి పోటీ 2026 మార్చిలో అయోవా రాష్ట్రంలోని కోరల్‌విల్‌కు ఇచ్చారు. దారి తెరుచుకున్న మాట నిజం. స్కాలర్‌షిప్ కోసమే పిల్లను దింపుతామంటే మాత్రం మేం ప్రోత్సహించం. ఆ లెక్కతో వచ్చినవాళ్లు మొదటి ఓటమికే ఇంటికి వెళ్లిపోతారు.

ఆగస్టు

మ్యాట్. పోటీకి వాడే పూర్తి మ్యాట్ 42 అడుగుల చదరం, లేదా 38. మధ్యలో ఆడే వలయం వ్యాసం కనీసం 28 అడుగులు, చుట్టూ కనీసం 5 అడుగుల రక్షణ మ్యాట్. మందం 4 అంగుళాలు మించకూడదు. కొత్తది కొంటే పది వేల డాలర్లకు అటూఇటూ. కొనకుండా గడిపే దారి ముందు వెతకాలి. పెద్ద స్కూళ్లు మ్యాట్లు మార్చినప్పుడు పాతవి డిస్ట్రిక్ట్ గోదాములో చుట్టి పడేస్తారు. ప్రాక్టీస్‌కు అవి చాలు.

పాత మ్యాట్ తీసుకునేముందు చూడాల్సినవి మూడు. పైపొర వినైల్ ఎక్కడైనా పగిలిందా: పగులులోకి చెమట ఇంకితే ఏ మందుతో తుడిచినా లోపలికి అందదు, చర్మవ్యాధులకు అదే పుట్టిల్లు. ఫోమ్ చచ్చిపోయిందా: మోకాలితో గట్టిగా నొక్కితే కింద నేల తగలకూడదు. ముక్కల అంచులు వంకర తిరిగాయా: తిరిగితే అతుకు దగ్గర కాలివేళ్లు ఇరుక్కుంటాయి. అతుకులకు 4 అంగుళాల మ్యాట్ టేప్ వాడాలి. టేపును సాగదీసి అంటిస్తే మర్నాటికి ముడుచుకుని లేస్తుంది, వదులుగా పరిచి మధ్య నుంచి అంచులకు చేత్తో రుద్దాలి.

గది లెక్క: ఒక్కో అమ్మాయికి 50 చదరపు అడుగులు. 42 అడుగుల మ్యాట్ అంటే 1,764 చదరపు అడుగులు, ముప్ఫై అయిదుగురికి సరిపోతుంది. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి అరవై మంది అదే మ్యాట్ మీద ఉంటే జంటలు ఒకదాని మీద ఒకటి పడి మోకాళ్లు విరుగుతాయి. అందుకే గది పంచుకోవడం కంటే వేళలు పంచుకోవడం మంచిదని వాదించాం. అమ్మాయిలకు స్కూలు టైంటేబుల్లోనే అథ్లెటిక్ పీరియడ్ దొరికింది. పోస్టర్ల కంటే, పిజ్జాల కంటే జట్టును పెంచింది ఇదే. సాయంత్రం పూట చెల్లెల్ని చూసుకోవాల్సిన పిల్ల, కూచిపూడి క్లాసున్న పిల్ల, ఇంటికి తీసుకెళ్లడానికి కారు లేని పిల్ల, అందరూ రాగలిగారు.

సెప్టెంబర్

సామాను. బూట్లు 60 నుంచి 90 డాలర్లు, ఇయర్ గార్డ్ 25 నుంచి 40. రెండూ ఇంటివాళ్లనే కొనమంటే కొందరు అక్కడే ఆగిపోతారు. ఇయర్ గార్డులు జట్టు డబ్బుతో కొన్నాం. బూట్లకు సైజుల వారీగా పాతవి పోగుచేసి ఒక ర్యాక్ పెట్టాం. అమ్మాయిల సైజులు అబ్బాయిల నంబర్లతో కలవవు, సుమారు ఒకటిన్నర నంబరు తగ్గించి చూడాలి. ఆన్‌లైన్లో తెప్పించుకుని తిప్పి పంపేవాటిలో సగం ఈ తికమకవల్లే.

పళ్లకు బ్రేసెస్ ఉన్నవాళ్లకు మౌత్‌గార్డ్ ఉండాల్సిందే. మామూలుది కాదు, బ్రేసెస్‌కని చేసినది. వేణ్నీళ్లలో వేసి కొరికే రకం బ్రేసెస్ తీగల్లో చిక్కుకుపోతుంది. స్పోర్ట్స్ బ్రా వెనక హుక్కు లేనిది కావాలి, ఇనుప హుక్కు తన వీపుకూ ఎదుటి పిల్ల ముఖానికీ గీసుకుంటుంది. కోచ్ సంచిలో శానిటరీ ప్యాడ్లు, ముదురు రంగు స్పేర్ షార్ట్స్, ముక్కు రక్తానికి దూది, నెయిల్ కట్టర్. గోళ్లు పెరిగి ఉంటే రిఫరీ అక్కడికక్కడే కత్తిరించుకోమంటాడు, అప్పుడు వెతుక్కోకూడదు.

అక్టోబర్

బరువు సర్టిఫికేషన్. దీన్ని అర్థం చేసుకోని తల్లిదండ్రులే సీజన్‌లో ఎక్కువ గొడవపడతారు కాబట్టి కాస్త వివరంగా.

టెక్సాస్ అమ్మాయిలకు బరువు తరగతులు పన్నెండు: 100, 107, 114, 120, 126, 132, 138, 145, 152, 165, 185, 235 పౌండ్లు. ఎవరు ఎంత కిందికి దిగవచ్చో పిల్లో కోచో తేల్చుకునే పని కాదు. ముందు మూత్ర పరీక్ష: సాంద్రత 1.025 మించితే ఒంట్లో నీళ్లు తక్కువున్నట్టు, ఆ రోజు కొలత తీసుకోరు. తర్వాత కొవ్వు శాతం. అమ్మాయిలకు 12 శాతం కంటే కిందికి, అబ్బాయిలకు 7 కంటే కిందికి దిగే లెక్క ఒప్పుకోరు. పైగా వారానికి శరీర బరువులో 1.5 శాతం కంటే ఎక్కువ తగ్గకూడదు.

ఉదాహరణ వేసి చూద్దాం. 130 పౌండ్ల పిల్ల, కొవ్వు 22 శాతం. కొవ్వు కాని బరువు 101.4. కొవ్వు 12 శాతానికి దిగితే ఇది మొత్తం బరువులో 88 శాతం అవుతుంది కాబట్టి, దాన్ని 0.88తో భాగిస్తే 115.2, కాగితం మీద ఆమె కనీస బరువు అది. కాబట్టి 120 తరగతికి అర్హత ఉంది. వారానికి 1.5 శాతం చొప్పున దిగితే అక్కడికి చేరడానికి అయిదు వారాల పైమాట. అంటే డిసెంబర్ సగం అయిపోతుంది. ఈ అయిదు వారాలూ కొత్త పిల్ల సగం కడుపుతో ఆట నేర్చుకోవాలి. మా కోచ్‌ల నిర్ణయం: మొదటి సంవత్సరం ఎవరూ బరువు తగ్గరు. ఆ పిల్ల 132లో ఆడుతుంది, రోజూ అన్నం తింటుంది. 12 శాతమన్నది దాటకూడని గీత, చేరాల్సిన గమ్యం కాదు. సీజన్లో నెలసరి ఆగిపోతే అది ఒళ్లు ఫిట్‌గా ఉన్నందుకు గుర్తు కాదు, తిండి చాలట్లేదన్న హెచ్చరిక. వెంటనే ట్రైనర్‌కు చెప్పాలి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ మాట పిల్లలకు ఆడ కోచ్ చెబితేనే చెవికెక్కుతుంది.

2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్ ఫైనల్ రోజు 50 కిలోల పరిమితికి 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైన సంగతి ప్రతి తెలుగింట్లో తెలుసు. మీటింగ్‌లో ఎవరో ఒకరు ఎత్తుతారు. మంచిదే, దాన్నే ఆసరాగా తీసుకుని "మన పిల్లల్ని ఆ దారిలో పెట్టం" అని చెప్పడం తేలికైంది.

నవంబర్

అసలు పని ఇది. పేర్లు రాయించడం తేలిక, మూడో వారం దాటించడం కష్టం. మానేసేవాళ్లలో ఎక్కువమంది ఈ మూడు వారాల్లోనే మానేస్తారు, అదీ ఓడిపోయి కాదు, ఇంకా పోటీయే మొదలవలేదు. ఏం జరుగుతోందో అర్థంకాక, ఒళ్లంతా మ్యాట్ గీతలు పడి, రోజూ తనకంటే పెద్దదాని కింద నలిగి.

ప్రాక్టీస్ తొంభై నిమిషాలు. మొదటి 15 వార్మప్, అందులో సగం దూకి దిగడం, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం, మెడ కసరత్తు. అమ్మాయిలకు మోకాలి లోపలి ఏసీఎల్ అనే స్నాయువు తెగే ముప్పు అబ్బాయిల కంటే ఎక్కువ, కాబట్టి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయేమో కోచ్ ఎదురుగా నిలబడి చూడాలి. తర్వాత 20 నిమిషాలు నిలబడే భంగిమ, కదలిక. 25 నిమిషాలు నిలుచుని పట్టే ఒక్క పట్టు. 20 నిమిషాలు కింద, పైన ఉండే స్థితులు. చివరి 10 నిమిషాలు ముప్పై సెకన్ల చిన్న కుస్తీలు. కొత్తవాళ్లకు మొదటి వారం కుస్తీ లేదు, పడడం నేర్పుతాం. గడ్డం ఛాతీకి ఆనించాలి, చెయ్యి చాచి నేలకు ఆనించకూడదు. పడేటప్పుడు చెయ్యి తిన్నగా పెడితే మోచెయ్యి జారుతుంది. కొత్తవాళ్లలో మేం ఎక్కువ భయపడే గాయం అదే.

నేర్పే వరుసలో మాకొక అభిప్రాయం ఉంది. చాలా చోట్ల ముందు టేక్‌డౌన్లు, అంటే నిలబడి ఉన్న ఎదుటామెను కిందపడేసి అదుపులోకి తెచ్చే పట్లు, నేర్పుతారు. కొత్త అమ్మాయిలకు ముందు నేర్పాల్సింది కింద నుంచి లేచి తప్పించుకోవడం. హైస్కూల్లో ఆడేది ఫోక్‌స్టయిల్, ఒలింపిక్స్‌లో సాక్షి మలిక్ ఆడిన ఫ్రీస్టయిల్ కాదు. ఇక్కడ పైనున్నవాళ్లు చాలాసేపు అదిమి పట్టవచ్చు, లేవడం రాకపోతే రెండు నిమిషాల పీరియడ్ మొత్తం కింద గడిచిపోతుంది. అలా రెండు మ్యాచులు గడిచిన పిల్ల తిరిగి రాదు.

లేవడం ఇలా. పిల్ల మోకాళ్లు, అరచేతుల మీద ఉంటుంది. పైనున్నామె ఒక చెయ్యి నడుం చుట్టూ, ఇంకోటి మోచెయ్యి మీద. విజిల్ పడగానే మొదటి పని కాలు లేపడం కాదు, నడుం చుట్టూ ఉన్న చేతి నాలుగు వేళ్లూ దొరకబుచ్చుకోవడం. తర్వాత వీపుతో వెనక్కి తోస్తూ ఒక పాదం ముందు మోపాలి. వీపు నిటారుగా, తల పైకి. రెండో పాదం. నిలబడ్డాక పట్టిన చేతిని తన తుంటి వైపు కిందికి నొక్కి, నడుం ముందుకు తెంచుకుని గిర్రున తిరగాలి. ఒక పాయింట్. తప్పు జరిగేది రెండు చోట్ల. చెయ్యి దొరక్కుండానే లేస్తే పైనామె రెండు చేతులూ జోడించి ఎత్తి పడేస్తుంది. ముందుకు వంగి లేస్తే పైనామె బరువంతా వీపు మీద పడి మళ్లీ మోకాళ్ల మీదకు వస్తుంది. గోడకు వీపు ఆనించి పైకి జరిగే డ్రిల్ చేయిస్తే వెనక్కి తోయడమంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది.

ఇంకోటి హెడ్‌లాక్. కొత్త అమ్మాయిల మ్యాచుల్లో సగం దీంతోనే మొదటి నిమిషంలో తేలిపోతాయి. తల చుట్టూ చెయ్యి వేసి, ఎదుటామె ఒక చెయ్యి కూడా కలిపి పట్టి, తుంటి మీదుగా విసరడం. చెయ్యి కలపకుండా తల ఒక్కటే బిగిస్తే చట్టవిరుద్ధం. దొరికితే ఒక్క దెబ్బకు 3 పాయింట్ల టేక్‌డౌన్, అక్కడే రెండు భుజాలూ 2 సెకన్లు మ్యాట్‌కు ఆనితే పిన్, మ్యాచ్ అయిపోతుంది. అందుకే దాని మీద మోజు. చిక్కేమిటంటే, తుంటి ఎదుటామె తుంటిని పూర్తిగా దాటకపోతే ఆమె వెనకే నిలబడి ఉంటుంది, ఒక్క అడుగు పక్కకు వేసి వీపు పట్టేస్తుంది. డిసెంబర్‌లో హెడ్‌లాక్‌తో గెలిచినవాళ్లు ఫిబ్రవరిలో దానితోనే ఓడతారు. కాబట్టి మేం హెడ్‌లాక్ వేయడం కంటే ముందు దానినుంచి బయటపడడం నేర్పిస్తున్నాం: ఊపిరి బిగబట్టకుండా తుంటిని ఎదుటామె తుంటికి దగ్గరగా జరిపి, ఆమె నడుం చుట్టూ రెండు చేతులూ జోడించి, పాదాలు మోపి వంతెనలా పైకి లేచి, ఆమె మీదుగా అవతలికి దొర్లడం.

మూడో వారం చివర్లో గదిలోనే ఉత్తుత్తి పోటీ పెట్టాలి. రిఫరీ చొక్కా, స్కోరు బల్ల, ఇంటివాళ్లకు పిలుపు, అన్నీ నిజంలాగే. దగ్గరి బరువులవాళ్లకు తలా రెండు మ్యాచులు. పోటీ ఎలా ఉంటుందో తెలియని భయం ఇంట్లోవాళ్ల మధ్య తీరిపోతుంది. తల్లులకు స్కోరు కొట్టడం ఇక్కడే నేర్పించాం: టేక్‌డౌన్ 3, కింద నుంచి తప్పించుకుంటే (ఎస్కేప్) 1, కిందున్నామె తిరగబడి పైకొస్తే (రివర్సల్) 2, వీపు నేల వైపు తిప్పి అదిమి పట్టిన సెకన్లను బట్టి నియర్‌ఫాల్ 2, 3, 4. టేక్‌డౌన్ 2024-25 నుంచే 3 అయింది, పాత వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు 2 అనే రాస్తారు, చూసుకోవాలి. పాయింట్లు అర్థమైన తల్లి గ్యాలరీలో కళ్లు మూసుకోదు.

డిసెంబర్

పోటీల ఎంపిక. మొదటి ఏడాది డ్యూయల్ మీట్లు, అంటే స్కూలుకు స్కూలు ఎదురెదురుగా ఆడేవి, వీలైనంత తగ్గించుకోవాలి. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. పన్నెండు తరగతుల్లో మనకు ఏడింట్లోనే పిల్లలున్నారనుకోండి. ఖాళీగా వదిలిన ఒక్కో తరగతికీ ఎదుటివాళ్లకు 6 పాయింట్లు, అయిదు ఖాళీలకు 30. మిగిలిన ఏడింటిలో అయిదు పిన్‌తో గెలిచినా మనకు వచ్చేది 30, ఓడిన రెండూ కనీస తేడాతో ఓడినా తలా 3 చొప్పున కలిపి వాళ్లకు 36. అంటే ఏడింటికి కనీసం ఆరు గెలవాలి. ఆ ఆరూ పిన్‌తో గెలిచి, ఓడిన ఒక్కటీ తక్కువ తేడాతో ఓడితే 36-33. అయిదుగురు గెలిచి కూడా జట్టు ఓడిందని విన్న పిల్లలు మర్నాడు ఏ మొహంతో వస్తారు? వ్యక్తిగత టోర్నమెంట్లలో ఈ బెడద లేదు.

అన్నిటికంటే మేలు కొత్తవాళ్ల టోర్నమెంట్ మనమే పెట్టడం. ఫిక్స్‌డ్ తరగతులు వదిలేసి, తూచిన బరువులను వరుసలో పెట్టి, నలుగురేసి గుంపులు చేయాలి. గుంపులో అతి తేలికకూ అతి బరువుకూ తేడా పది శాతం లోపు. నలుగురు అందరితో అందరూ ఆడితే ఆరు మ్యాచులు, తలా మూడు. ఎనిమిది గుంపులకు 48 మ్యాచులు, మూడు మ్యాట్ల మీద ఒక్కోదానికి 16. మ్యాచ్‌కు ఏడు నిమిషాలు చొప్పున రెండు గంటల్లోపే. అయిదుగురి గుంపు చేస్తే మ్యాచులు పది అవుతాయి, అదొక్కటే మిగతా షెడ్యూలును లాగేస్తుంది, తప్పితే తప్ప చేయకండి. ఒక్కో మ్యాట్‌కు రిఫరీ, స్కోరర్, టైమర్, టైమైపోగానే రిఫరీ వీపు మీద మెత్తటి ఫోమ్ గొట్టంతో తట్టే చిన్న పిల్లాడు. ఈ చివరి ఉద్యోగానికి తమ్ముళ్ల మధ్య పోటీ ఎక్కువ. తూకం ఆడవాళ్ల చేతనే, తలుపు మూసిన గదిలో.

జనవరి

చర్మం. ఇదొక్కటీ నిర్లక్ష్యం చేస్తే జట్టంతా బెంచీ మీదే. తామర, ఇంపెటైగో (బ్యాక్టీరియా వల్ల వచ్చే రసి పుండ్లు), హెర్పిస్ (వైరస్ వల్ల వచ్చే నీటి పొక్కులు) మూడూ ఒంటికి ఒళ్లు రాసుకుని వచ్చేవే. తామరకు 72 గంటల మందు పడ్డాకే తిరిగి మ్యాట్ మీదకు, తలలో అయితే 14 రోజులు. ఇంపెటైగోకు మూడు రోజుల యాంటీబయాటిక్, కొత్త పుండు రాకూడదు, రసి కారకూడదు. హెర్పిస్ మొదటిసారైతే కనీసం పది రోజులు. డాక్టర్ సంతకం చేసిన ఫారం పోటీ రోజు చేతిలో ఉండాలి. ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. మన ఇళ్లలో ఒక అలవాటుంది, ఏ మచ్చకైనా ఇంట్లో ఉన్న ట్యూబు రాసేయడం. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. తామర మీద స్టెరాయిడ్ రాస్తే పైకి ఎరుపు తగ్గి లోపల పాకుతుంది, డాక్టర్‌కు గుర్తుపట్టడం కూడా కష్టమవుతుంది.

మ్యాట్ రోజూ ప్రాక్టీస్‌కు ముందు తుడవాలి, ముందురోజు ప్రాక్టీస్ అయ్యాక తుడిచి ఉన్నా సరే. డబ్బా మీద రాసినంతసేపు తడిగా ఉండనివ్వాలి, కొన్నిటికి పది నిమిషాలు. చల్లి వెంటనే ఆరబెట్టేస్తే సూక్ష్మజీవి చావదు, మ్యాట్ మెరుస్తుందంతే. మ్యాట్ మాప్ బాత్రూం వైపు వెళ్లకూడదు. బూట్లతో గది దాటి బయటికి వెళ్లి అవే బూట్లతో మ్యాట్ ఎక్కడం నిషేధం. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు పెట్టాం. తెలుగు పిల్లలకు ఈ నియమం రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

తిండి. తూకం అయ్యాక తిని మ్యాట్ ఎక్కడానికి గంటో రెండు గంటలో దొరుకుతుంది. ఇడ్లీ, అరటిపండు, ఉప్పు వేసిన పెరుగన్నం కడుపులో తేలిగ్గా ఉంటాయి. పూరీ, గారెలు, కారం పచ్చళ్లు మ్యాచ్ అయ్యాక. శాకాహారి పిల్లలకు రోజూ పప్పు ఒక్కదానితో సరిపోదు. పెరుగు, పనీర్, సోయా, వేరుశనగలు మూడు పూటలా పంచుకోవాలి, తినేవాళ్లకు గుడ్లు. ఐరన్ పరీక్ష సీజన్‌కు ముందే ఒకసారి చేయించండి.

ఫిబ్రవరి

డిస్ట్రిక్ట్ పోటీ, తర్వాత రీజినల్, తర్వాత హ్యూస్టన్ దగ్గర సైప్రస్‌లోని బెర్రీ సెంటర్‌లో స్టేట్. మా జట్టు నుంచి డిస్ట్రిక్ట్ దాటింది కొద్దిమందే, అంతా రెండో మూడో ఏడాది పిల్లలు. కొత్తవాళ్లలో ఎక్కువమంది ఒక్కో మ్యాచ్ గెలిచి ఆగారు. ఓడినవాటిలో ఎక్కువ మూడో పీరియడ్‌లో చేజారినవే. కాళ్లు ఆగిపోయి నిటారుగా నిలబడిపోతున్నారు. వచ్చే ఏడాది ప్రాక్టీస్ చివరి పది నిమిషాలను పదిహేను చేసి, అలిసిపోయాక భంగిమ నిలబెట్టుకునే డ్రిల్ పెట్టాలని కోచ్‌లు రాసుకున్నారు. పైనుంచి పిన్ చేయడానికి హాఫ్ నెల్సన్ అనే పట్టు ఒక్కటే వాడుతున్నారు, దాన్ని అడ్డుకోవడం అందరికీ వచ్చేసింది. రెండోది నేర్పాలి.

మార్చి

సామాను లెక్క. ఇయర్ గార్డుల్లో బకిల్ విరిగినవి విడదీశాం, పట్టీలు విడిగా దొరుకుతాయి కాబట్టి మొత్తం కొనక్కర్లేదు. యూనిఫాంలు చల్లటి నీళ్లలో ఉతికి ఎండలో కాకుండా నీడలో ఆరేశాం, డ్రయర్‌లో వేస్తే సాగే గుణం పోతుంది. బూట్ల ర్యాక్‌లో 5, 6 సైజులు తక్కువపడుతున్నాయి.

ఖాళీగా ఉన్న తరగతులు 100, 107, పైన 185, 235. చిన్న బరువులకు మిడిల్ స్కూల్ ఎనిమిదో తరగతిలో చూడాలి. ఏప్రిల్‌లో అక్కడి పీఈ టీచర్లతో మాట్లాడి, పీరియడ్‌లోనే ఒక వారం రెజ్లింగ్ పెట్టించే ఏర్పాటు జరుగుతోంది. పెద్ద బరువులకు త్రో ఈవెంట్ల పిల్లలు, షాట్‌పుట్, డిస్కస్. ట్రాక్ సీజన్ ఇప్పుడే నడుస్తోంది, వాళ్ల కోచ్‌ను సీజన్ మధ్యలో అడగడం మర్యాద కాదు, మేలో అడుగుతాం. ఆడుతూ ఉండాలనుకునేవాళ్లకు వేసవి ఫ్రీస్టయిల్ ఉంది. జూలైలో నార్త్ డకోటాలోని ఫార్గోలో జాతీయ పోటీలు. అక్కడ ఫోక్‌స్టయిల్ అలవాటుతో పైన అదిమి పట్టి కూర్చుంటే పాయింట్లు రావు. కాసేపట్లో తిప్పలేకపోతే రిఫరీ లేపి నిలబెడతాడు. ఇద్దరు పిల్లలు వెళ్తామంటున్నారు. యూఎస్ఏ రెజ్లింగ్ సభ్యత్వం కార్డు, పుట్టినతేదీ రుజువు ఇప్పటినుంచే సిద్ధం చేసుకోమన్నాం.